పచ్చళ్ళ బిజినెస్ పెడదామనుకునేవాళ్ళకి: కొన్ని అపోహలు, నా చేతులు కాలాక తెలిసిన వాస్తవాలు

తణుకులో ఇంట్లోంచే పచ్చళ్ళు, పొడులు అమ్ముతున్నా, ఇది ఐదో వేసవి. వారానికి ఒక్కరైనా ఫోన్ చేసి "అక్కా, మేమూ మొదలుపెడదామనుకుంటున్నాం" అంటారు, అడిగేవి మాత్రం అవే.

అపోహ: ముందు కంపెనీ రిజిస్టర్ చేయించాలి.
అక్కర్లేదమ్మా. ఒక్కళ్ళే చేసుకునేదైతే ప్రొప్రైటర్‌షిప్ చాలు, మీ పాన్ మీదే నడుస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే రూపాయి అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్టు, ఫైలింగులు తప్పవు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ప్రభుత్వ సైట్లో ఫ్రీ, నా దగ్గర మాత్రం ఒకాయన 1,500 గుంజాడు. తినే వస్తువు కదా, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ మాత్రం మొదటి సీసా అమ్మకముందే తీసుకోండి.

అపోహ: ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ గొడవ లేదు.
సగమే నిజం. సరుకు అమ్మేవాళ్ళకి ఆంధ్రాలో లిమిట్ అదే (తెలంగాణలో 20 లక్షలే), కానీ రాష్ట్రం లోపల అమ్ముకుంటేనే. మన మొదటి కస్టమర్లెవరు, హైదరాబాద్‌లో పిన్ని వాళ్ళ అపార్ట్‌మెంట్ వాళ్ళేగా, 2014 నుంచి అది వేరే రాష్ట్రం మరి, పచ్చడి సీసా బోర్డర్ దాటిందంటే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. మొదటి సీజన్ అయ్యాక ఆడిటర్ గారు ఈ మాట చెప్తే గుండె గుభేల్‌మంది.

అపోహ: పచ్చళ్ళలో సగానికి సగం లాభం.
కొంప ముంచేది ఇదే. కాయలు, కారం, ఆవపిండి, ఉప్పు, నువ్వుల నూనె కలిపి కిలో ఆవకాయ నాకు 210 పడింది, 400కి అమ్మి 190 మిగిలిందని మురిసిపోయా. తర్వాత కూర్చుని రాస్తే సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె 45, కాయ కొట్టి జీడి తీసి తుడిచినందుకు కూలి 50, గొప్పకి ఫ్రీ డెలివరీ అన్నాగా కొరియర్ 70, మిగిలింది పాతిక. అందులోంచే కారిపోయిన సీసాలకి బదులు పంపాలి, ఒకావిడ ఫోటో పెట్టింది, అట్టపెట్టె అడుగంతా ఎర్రటి నూనె. నా కష్టానికి జీతం అసలు లెక్కలోనే లేదు. పైగా డబ్బంతా మే నెలలో ఒక్కసారే పోతుంది, ఆవకాయేమో ఏడాది పొడుగునా నెమ్మదిగా అమ్ముడవుతుంది, చేతిలో కాస్త ఉంచుకోకపోతే గోంగూర కొనడానికి కూడా వెతుక్కోవాలి.

అపోహ: ముద్ర లోన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే అప్పు) తిరిగి కట్టక్కర్లేదు.
కట్టాలండీ, వడ్డీతో సహా. హామీ అడగరు, అంతే.

అపోహ: తెలిసినవాళ్ళయితే డబ్బులెక్కడికీ పోవు.
మా ఆడపడుచు 2022లో పట్టుకెళ్ళిన రెండు కిలోల గోంగూర ఇంకా నా నోట్‌బుక్‌లో బాకీ కిందే ఉంది, పండక్కి వచ్చినప్పుడు ఇంకో కిలో కట్టమంటే కట్టిచ్చా కూడా.