రోడ్డు కంపెనీ గేటు దగ్గరే ఆగింది: ఈసీఐఎల్ ప్రాంతం వెనకటి కథ

2025 జనవరి 6న హైదరాబాద్‌లో చర్లపల్లి రైల్వే టెర్మినల్ ప్రారంభమైంది. సుమారు 413 కోట్ల రూపాయలతో కట్టిన స్టేషన్ అది. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ స్టేషన్ల మీద భారం తగ్గించాలని కొన్ని రైళ్లను ఇటు మళ్లించారు. స్టేషన్ బాగుంది, అందులో అనుమానం లేదు. కష్టమంతా స్టేషన్ దాటి బయటికొచ్చాక మొదలవుతుంది. ఇరుకు రోడ్లు, చాలీచాలని బస్సులు, తెల్లవారుజామున రైలు దిగినవాళ్లకు ఆటోవాళ్లు చెప్పే రేట్లు. అంత పెద్ద స్టేషన్ కట్టినవాళ్లకు దారి సంగతి గుర్తులేదా అని ప్రయాణికులు అడుగుతున్నారు. కుషాయిగూడ, కాప్రా, ఏఎస్ రావు నగర్ పాతకాపులకు మాత్రం ఇది కొత్త ప్రశ్న కాదు. ఇక్కడి రోడ్లు ఇలా ఎందుకున్నాయో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

నగరానికి ఈశాన్యాన ఉన్న ఈ నేలంతా రాళ్లూ గుట్టలూ. అన్నిటికంటే ఎత్తుగా మౌలాలి గుట్ట, దాని మీద దర్గా. గుట్ట కింద 1824లో కన్నుమూసిన కవయిత్రి మహ లఖా బాయి చందా సమాధి ఉంది. నిజాం కాలంలో పాతబస్తీ జనానికి మౌలాలి అంటే ఉర్సుకు వచ్చి మొక్కు తీర్చుకుని వెళ్లే చోటు. చుట్టూ కాప్రా, కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం ఊళ్లు, వాటి చెరువులు, చెరువుల కింద కొద్దిపాటి వరి, మిగతాదంతా మెట్ట. కాప్రా వైపు ద్రాక్ష తోటలుండేవని పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు మంచి పేరున్న రోజులవి. తోటల ఆనవాళ్లు ఇప్పుడు వెతికినా దొరకవు.

1960లలో కేంద్ర ప్రభుత్వ పరిశ్రమలు వరసగా హైదరాబాద్ శివార్లకు వచ్చాయి. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్ఏఎల్, నర్సాపూర్ రోడ్డులో హెచ్ఎంటీ. ఊరికి ఆ కొస పడమర అయితే ఈ కొస అణుశక్తి శాఖ వంతు. 1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, పుట్టింది. దానికి ప్రాణం పోసిన మనిషి అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టి, కాశీ విశ్వవిద్యాలయంలో చదివి, హోమీ భాభాతో కలిసి పనిచేసిన శాస్త్రవేత్త. అణు రియాక్టర్లకు కావలసిన పరికరాలు మన దేశంలోనే తయారు కావాలన్నది ఆయన పట్టుదల. 1971లో పక్కనే న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ వచ్చింది. అణు విద్యుత్ కేంద్రాలకు ఇంధనం తయారయ్యేది అక్కడే. ఆ పైన నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు మొదలయ్యాయి.

రోడ్ల సంగతి ఇక్కడే తేలుతుంది. అప్పట్లో ఇటు వచ్చే మనిషికి ఒకే పని, డ్యూటీ. సికింద్రాబాద్ నుంచో, తార్నాక నుంచో వచ్చిన రోడ్డు ఫ్యాక్టరీ గేటు దాకా వస్తే చాలు. అవతల ఉన్నవి పల్లెలు, వాటికి మట్టి దారులు సరిపోతాయనుకున్నారు. కంపెనీ బస్సులు షిఫ్టు వేళకు వచ్చి, షిఫ్టు అయ్యాక వెళ్లిపోయేవి. సిటీ బస్సులు నడిచేదీ ఆ లెక్కనే. అఫ్జల్‌గంజ్ వెళ్లే 3కే, సికింద్రాబాద్ వెళ్లే 16ఏ అంటే ఇక్కడివాళ్లకు ఇంటి పేర్లంత దగ్గర. చివరి బస్సు పోతే మౌలాలి దాకా నడకే. ఒక పరిశ్రమ కోసం వేసిన దారుల మీదే తర్వాత ఊరంతా పెరిగిపోయింది. ఇప్పుడు అదే దారుల మీద రైల్వే టెర్మినల్ వచ్చి కూర్చుంది. ట్రాఫిక్ పోలీసులను ఇంకో నలుగురిని నిలబెడితే తీరే బాధ కాదిది.

అయినా ఆ రోజుల గురించి పాత ఉద్యోగులు మాట్లాడితే మొదట రోడ్ల మాట రాదు. ఈసీ టీవీ మాట వస్తుంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ కార్యక్రమాలు చూపించే ప్రయోగం జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు వెళ్లిన సెట్లు ఈసీఐఎల్‌లో తయారైనవే. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక ఇళ్లలోకి ఈసీ టీవీలు వచ్చాయి. చెక్క పెట్టె, దానికి పక్కకు జరిపే తలుపులు, పైన క్రోషియా గుడ్డ, ఇంటి మీద యాంటెన్నా. ఆదివారం సినిమా వేస్తే కాలనీలో టీవీ ఉన్న ఇంటి హాలు నిండి, వరండా నిండి, కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలు నిలబడేవాళ్లు. ఆ పెట్టె లోపలి తీగలు బిగించినవాళ్లలో ఒకరు పక్కింట్లోనే ఉన్నారన్న గర్వం వేరు. బొమ్మ గెంతితే మెకానిక్ కోసం కబురు పెట్టే పనిలేదు, సెకండ్ షిఫ్టు దిగి వచ్చిన పక్కింటాయనే చూసేవాడు.

టీవీలతోనే ఆగలేదు. దేశంలో సొంతంగా కంప్యూటర్లు తయారుచేసిన తొలి సంస్థల్లో ఈసీఐఎల్ ఒకటి. 1979లో ఓటింగ్ యంత్రం నమూనా ఇక్కడే రూపొందింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం రాజకీయ పార్టీల ప్రతినిధుల ముందు దాన్ని ప్రదర్శించింది. 2008లో చంద్రయాన్-1 సంకేతాలు అందుకున్న 32 మీటర్ల యాంటెన్నా బెంగళూరు దగ్గర బ్యాలాళులో ఉంది. అది కట్టిందీ వీళ్లే. కుషాయిగూడ కూరగాయల మార్కెట్లో సంచీ పట్టుకుని బేరమాడే రిటైర్డ్ మనుషుల్లో ఇలాంటి పనులు చేసినవాళ్లు ఎంతమందో. ఈ ప్రాంతం చరిత్రను ఎక్కడైనా రాసిపెడితే ముందు వాళ్ల పని గురించి రాయాలి, ఆ తర్వాతే స్థలాల రేట్ల గురించి.

పని దొరికాక ఇల్లు కావాలి. అణుశక్తి శాఖ కట్టించిన డీఏఈ కాలనీలో క్వార్టర్లు, అక్కడే అటామిక్ ఎనర్జీ సెంట్రల్ స్కూళ్లు ఉన్నాయి. క్వార్టర్లు అందరికీ చాలవు. ఉద్యోగులు సహకార సంఘంగా ఏర్పడి స్థలాలు కొనుక్కున్నారు. అలా వెలిసిన పెద్ద కాలనీకి తమ సంస్థను నిలబెట్టిన మనిషి పేరే పెట్టుకున్నారు, డాక్టర్ ఏఎస్ రావు నగర్ అని. అవతల సైన్యం నుంచి వచ్చినవాళ్ల సహకార సంఘంతో సైనిక్‌పురి, దాని చుట్టూ డిఫెన్స్ కాలనీ, వాయుపురి వచ్చాయి. ఇటు మౌలాలి వైపు హౌసింగ్ బోర్డు కాలనీ వచ్చింది. గోదావరి జిల్లాలవాళ్లు, కరీంనగర్, నల్గొండవాళ్లు, కడప, కర్నూలువాళ్లు, మలయాళీలు, తమిళులు, బెంగాలీలు ఒకే వీధిలో ఇళ్లు కట్టుకున్నారు. ఓనం రోజు పక్కింటి నుంచి పాయసం వచ్చేది, ఉగాదికి ఇటు నుంచి పచ్చడి వెళ్లేది. ఏ ప్రభుత్వమూ దీనికి పథకం వేయలేదు. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే మనుషులు కాబట్టి ఇరుగుపొరుగయ్యారు.

అప్పటి ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. రెండు వందల గజాల స్థలం, పీఎఫ్‌లోంచి అప్పు, బ్యాంకు లోన్, మిగతాది ఊళ్లో పొలం అమ్మిన డబ్బు. ముందు రెండు గదులు, వంటిల్లు. మేడ మీదికి మెట్లు ముందే కట్టి ఉంచేవాళ్లు, పిల్లలు పెద్దయ్యాక పైన వేసుకోవచ్చని. స్లాబు మీద ఇనప చువ్వలు అలాగే నిలబడి ఉండేవి. గేటు పక్కన పారిజాతం లేదా నందివర్ధనం, వెనక కొబ్బరి, కరివేపాకు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తే సంపు నింపుకోవడం, రాకపోతే బోరు. ఆ మెట్లు, ఆ చువ్వలు చూస్తేనే తెలుస్తుంది, పిల్లలు ఇక్కడే ఉంటారని వాళ్లు నమ్మారు.

1982 ఢిల్లీ ఏషియాడ్‌తో కలర్ టీవీ వచ్చింది. ప్రైవేటు కంపెనీలు పోటీకి దిగాయి, 1991 తర్వాత విదేశీ కంపెనీలూ వచ్చాయి. ఈసీ టీవీ మార్కెట్లోంచి తప్పుకుంది. సంస్థ రక్షణ, అణుశక్తి, ఎన్నికల పనులతో నిలబడింది కానీ, వేలమంది కుర్రాళ్లను ఒకేసారి చేర్చుకునే రోజులు పోయాయి. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఊరికి ఆ కొస అది. తండ్రి నడిచో, సైకిల్ మీదో డ్యూటీకి వెళ్లిన ఇంట్లో కొడుకు, కూతురు పొద్దున్నే లేచి నగరం మొత్తం అడ్డంగా దాటి ఉద్యోగానికి వెళ్లాల్సి వచ్చింది. కొందరు కొండాపూర్‌లో అద్దెకు దిగారు, కొందరు అమెరికా వెళ్లారు. మేడ మెట్లు ఖాళీగా మిగిలాయి.

ఆ ఇళ్లే ఇప్పుడు ఒక్కొక్కటిగా డెవలప్‌మెంట్‌కు వెళ్తున్నాయి. స్థలం యజమానిది, ఖర్చు బిల్డర్‌ది, ఫ్లాట్లలో చెరి సగం. డెబ్బై దాటిన దంపతులకు మెట్లెక్కడం కష్టం, లిఫ్టున్న ఇల్లు కావాలి, పిల్లలకు చెరొక ఫ్లాటు రాసినట్టూ ఉంటుంది. ఆ నిర్ణయాన్ని నేను తప్పు పట్టలేను. తప్పు పట్టాల్సింది ఇంకొకటి ఉంది. ఒక్క కుటుంబం ఉన్న చోట కింద పార్కింగ్, పైన అంతస్తులు వేసి ఎనిమిది, పది కుటుంబాలు దిగుతున్నాయి. డ్రైనేజీ పైపు మాత్రం సహకార సంఘం నాటిది, వీధి వెడల్పు కూడా ఆనాటిదే. కృష్ణా నీళ్లు 2004లో, గోదావరి నీళ్లు 2015లో నగరానికి వచ్చాక కొంత ఊపిరి పీల్చుకున్నాం. అయినా ఎండాకాలం అపార్ట్‌మెంట్ల ముందు ట్యాంకర్లు నిలబడుతూనే ఉన్నాయి. సగం వీధి ట్యాంకర్‌కు, సగం కార్లకు పోతే అంబులెన్స్ ఎటు రావాలి? ప్లాన్ మంజూరు చేసేటప్పుడు స్థలం గజాలు కొలుస్తున్నారు, ఆ వీధి పైపులు ఎన్ని ఇళ్లను మోయగలవో కొలవడం లేదు.

పరిపాలన కూడా చేతులు మారుతూ వచ్చింది. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాం. కాప్రా మున్సిపాలిటీ 2007 ఏప్రిల్ 16న మరో పదకొండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలతో పాటు జీహెచ్ఎంసీలో కలిసింది. 2016 అక్టోబరులో జిల్లా మేడ్చల్-మల్కాజిగిరి అయింది. ఏ గుమ్మం ఎక్కినా మీ ఫైలు పాత ఆఫీసులో ఉందన్న సమాధానం విన్నవాళ్లు ప్రతి కాలనీ సంక్షేమ సంఘంలోనూ ఉన్నారు. ఈలోగా కాప్రా చెరువులో మురుగు చేరి గుర్రపుడెక్క పట్టింది. పారిశ్రామికవాడల వైపు నుంచి కొన్ని రాత్రులు ఘాటు వాసన వచ్చి కిటికీలు మూసుకోవాల్సి వస్తుంది. చెరువు నీళ్లు తాగిన మనుషులు ఇంకా బతికే ఉన్నారు, వాళ్లను అడిగితే ఎంత పోయిందో చెబుతారు.

మిగతా నగరానికి చాలా ఏళ్ల పాటు చర్లపల్లి అంటే జైలు, లేదంటే గ్యాస్, పెట్రోలు డిపోలు. అటువైపు మనుషులు కాపురాలుంటారన్న సంగతి రోడ్ల లెక్కల్లోకి రాలేదు. 2017 నవంబరులో మెట్రో వచ్చినప్పుడు ఈసీఐఎల్ వాళ్లకు దక్కింది తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్ దాకా బస్సెక్కి వెళ్లి మెట్రో పట్టుకునే అవకాశం. 2023లో అప్పటి ప్రభుత్వం ప్రకటించిన మూడో దశ జాబితాలో తార్నాక నుంచి ఈసీఐఎల్ చౌరస్తాకు లైను ఉంది. 2024లో ప్రస్తుత ప్రభుత్వం ఆమోదించిన రెండో దశలోని ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లలో ఆ పేరు లేదు. 2024 మార్చిలో ఘట్‌కేసర్ నుంచి మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు మొదలైంది. నేరేడ్‌మెట్, మౌలాలి, చర్లపల్లి వాళ్లకు పడమటి కొసకు నేరుగా వెళ్లే లోకల్ రైలు దారి అదే. ఆఫీసు వేళలకు తగ్గట్టు తరచుగా రైళ్లు నడిపితే తప్ప ఉద్యోగస్తులు దాన్ని నమ్ముకోలేరు.

టెర్మినల్ పుణ్యమా అని రోడ్ల విస్తరణ మాట మళ్లీ వినిపిస్తోంది. విస్తరణ అంటే మొదట పోయేవి పాత ఊళ్లలోని చిన్న దుకాణాలు, రెండు గదుల ఇళ్లు. కంపెనీలు రాకముందు నుంచీ ఆ ఊళ్లలో ఉన్న కుటుంబాలవి. పరిశ్రమలకూ, కాలనీలకూ భూములు పోయింది వాళ్లవే. ఈసారి కొలతలకు వచ్చే అధికారులు నష్టపరిహారం ముందు ఇచ్చి తర్వాత గోడ కూల్చాలి. ఈసీఐఎల్, రాధిక చౌరస్తాల నుంచి టెర్మినల్‌కు రైలు వేళలు చూసి రాత్రింబవళ్లు చిన్న బస్సులు నడపడానికి భూసేకరణ అక్కర్లేదు. రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.