కలుపు మందు మొక్క లోపల ఏం చేస్తుంది? అపోహలు - వాస్తవాలు

అపోహ: సాయంత్రానికల్లా గడ్డి మాడితేనే మంచి మందు.

వాస్తవం: రైతులతో మాట్లాడేటప్పుడు నేను ఎక్కువగా వినే మాట ఇదే. పారాక్వాట్ అనే కలుపు మందు కొట్టాక ఎండ బాగా ఉంటే కొన్ని గంటల్లోనే ఆకు వాడిపోతుంది. కిరణజన్య సంయోగక్రియలో కదిలే ఎలక్ట్రాన్లను ఈ మందు మధ్యలోనే లాక్కుని ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా పుట్టే సూపరాక్సైడ్ (కణాలను దెబ్బతీసే ఆక్సిజన్ రూపం) వల్ల కణాల పొరలు తెగి, లోపలి నీరంతా బయటికి కారిపోతుంది. కానీ ఆకు అంత త్వరగా చస్తే మందు వేరు దాకా వెళ్లేదెలా? అందుకే తుంగ గడ్డ నుంచి, గరిక కణుపు నుంచి మళ్లీ చిగురు లేస్తుంది.

గ్లైఫోసేట్ అనే మరో కలుపు మందు తీరు వేరు. ఆకులో తయారైన చక్కెరలతో పాటే వేర్లకూ చిగుళ్లకూ చేరి, ఇపిఎస్‌పిఎస్ అనే ఎంజైమును ఆపేస్తుంది. దాంతో ఫినైల్‌అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే మూడు అమైనో ఆమ్లాలు తయారు కావు. ఉన్న నిల్వతో మొక్క కొన్నాళ్లు పచ్చగానే కనిపిస్తుంది, వారం పది రోజులకు పసుపెక్కుతుంది. మూడో రోజే ‘పనిచేయలేదు’ అని దున్నేస్తే మందు వేర్లలోకి దిగకముందే దారి తెగిపోతుంది. అన్నట్టు, కేంద్రం 2022 అక్టోబరులో దీని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది.

అపోహ: మన పంటకు ఏమీ కాలేదు కాబట్టి పక్క పంటకూ కాదు.

వాస్తవం: మొక్కజొన్న అట్రజిన్ అనే కలుపు మందును తన కణాల్లో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థంతో కలిపి విషం పోయేలా చేసుకోగలదు. చాలా కలుపు మొక్కలు ఆ పని అంత వేగంగా చేయలేవు. 2,4-డి అనే కలుపు మందు అయితే, మొక్క పెరుగుదలను నడిపే ఆక్సిన్ హార్మోన్‌లా పనిచేసి వెడల్పాకు మొక్కల పెరుగుదలను అదుపు తప్పిస్తుంది. వరి తట్టుకుంటుంది. పక్క చేలో పత్తికి గాలికి కాస్త సోకినా చాలు, కొత్త ఆకులు బెండాకుల్లా చీలి, సన్నబడి వస్తాయి. కడగని స్ప్రేయర్‌తో పత్తికి పురుగు మందు కొట్టినా ఇదే గతి.

అపోహ: మందు కలపడానికి కాలువలో బురద నీళ్లయినా పర్లేదు.

వాస్తవం: గ్లైఫోసేట్, పారాక్వాట్ రెండూ మట్టి రేణువులకు అంటుకుపోతాయి. అంటుకున్న మందు ఆకులోకి పోదు.

అపోహ: గడ్డి మందే కదా, మనుషులకేం కాదు.

వాస్తవం: గ్లైఫోసేట్ ఆపే ఆ ఎంజైము మన ఒంట్లో లేని మాట నిజమే. అంతమాత్రాన అది తాగినా ఏమీ కాదని కాదు. పారాక్వాట్ మరీ ప్రమాదం. అది ఊపిరితిత్తుల కణాల్లో చేరి అక్కడా సూపరాక్సైడ్‌నే పుట్టిస్తుంది. దీనికి విరుగుడు లేదు. దయచేసి కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఇంట్లో పెట్టకండి. పొరపాటున ఎవరి నోట్లోకైనా పోతే, బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా, మందు డబ్బా తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.