బిందువు ఒక్క రాత్రిలో రాదు: ఆధ్యాత్మిక చిత్రాలపై అపోహలు, వాస్తవాలు

"ఈ బొమ్మ మీకు ధ్యానంలో కనబడిందా అండీ?" బిందువో చక్రమో ఉన్న కాన్వాస్ ముందు నిలబడ్డవాళ్లు ముందుగా అడిగేది ఇదే. కొత్తగా బొమ్మలు వేసేవాళ్లయితే తమకింకా ఏమీ కనబడలేదని దిగులుపడతారు. ఆ దిగులు అక్కర్లేదు. బిందువును, అంటే నల్లటి గుండ్రటి చుక్కను, పదేపదే వేసిన చిత్రకారుడు ఎస్.హెచ్. రజా కథను సగమే చెప్పుకోవడం వల్ల వచ్చింది అది.

అపోహ: రజాకు బిందువు దర్శనమైంది, వేసేశారు.

మొదటి సగం నిజమే. 1922లో మధ్యప్రదేశ్ మండ్లా జిల్లాలో పుట్టిన రజా బడిలో కుదురుగా కూర్చునేవారు కాదు. మాస్టారు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారు. కానీ ఆ చుక్క ఆయన కాన్వాస్ నడుమకు వచ్చి స్థిరపడింది 1970ల చివరి నుంచి. మధ్యలో బొంబాయి జె.జె. స్కూల్‌లో చిత్రకళ చదువు, 1950లో ఫ్రాన్స్ ప్రయాణం, అక్కడి ఊళ్ల ప్రకృతి దృశ్యాలు. 1948లో కశ్మీర్‌లో కలిసిన ఫొటోగ్రాఫర్ కార్తియే బ్రెసాన్ ఆయన బొమ్మలు చూసి, వీటిలో నిర్మాణం లోపించింది, ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ చిత్రాలు పరిశీలించమన్నాడు. బిందువుకు మాస్టారి చుక్క ఎంత మూలమో ఈ మాటా అంతే మూలమని నా లెక్క.

ప్రేరణ కోసం కాచుకున్నవాళ్లు అది వచ్చిందనుకున్న రోజున కొలత లేకుండా నేరుగా కాన్వాస్ మీదకు వెళ్తారు. డబ్బు పోయేది అక్కడే.

మూడడుగుల చదరం తీసుకుంటే ముందు ఫ్రేమును మూల నుంచి మూలకు కొలవండి. కర్ణం 51 అంగుళాలకు నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) తక్కువ రావాలి. రెండు కర్ణాలకూ నూలు మించి తేడా ఉంటే మూలలు సరిచేయాల్సిందే. చెట్లూ కొండలూ వేస్తే ఆ వంకర కనబడదు. నడిమధ్య వృత్తం పెడితే ఒక పక్క ఖాళీ సన్నబడి, కారణం తెలియకపోయినా కన్ను అక్కడే తగులుకుంటుంది. రంగుకు ముందు అడుగున పూసే తెల్లటి జెస్సో మూడు పూతలు, ఒకటి అడ్డంగా, తర్వాతిది నిలువుగా. ప్రతి పూతా ఆరాక 220 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. వృత్తానికి దారం వాడొద్దు, అది సాగుతుంది. సన్నటి చెక్క బద్ద ఒక చివరను వృత్తం నడిమధ్య కదలకుండా పట్టి, రెండో చివర రంధ్రం పెట్టి పెన్సిల్ దూర్చండి. గుడ్డ కుంగకుండా వెనక అట్ట పెట్టండి. మామూలు పెన్సిల్ గీత పసుపులో కలిస్తే మురికి ఆకుపచ్చగా మారుతుంది కాబట్టి లేత రంగు పెన్సిలే మేలు.

ఇక నలుపు. నీటితో కలిపే ఎక్రిలిక్ రంగుల్లో ట్యూబు నలుపు ఒక్కటే పూస్తే బడి నల్లబల్లలా చదునుగా ఉంటుంది. అల్ట్రామెరైన్ నీలం రెండు పాళ్లు, బర్న్ట్ అంబర్ గోధుమరంగు ఒక పాలు కలిపి, నాలుగైదు పలుచటి పూతలు వేస్తే లోతు వస్తుంది. ఎక్రిలిక్ ఆరితే ముదురుతుంది, అందుకే ముందు తుక్కు కాగితం మీద చూసుకోవాలి. ఆయిల్‌లో అయితే నలుపు ఆలస్యంగా ఆరుతుంది. అది ఆరకముందే దానిమీద త్వరగా ఆరే రంగు వేస్తే పైపూత బీటలు వారుతుంది.

అపోహ: శ్రీచక్రం మనసులో చూసి చేత్తో వేసేయొచ్చు.

వేశామనేవాళ్ల బొమ్మలో చిన్న త్రికోణాలు లెక్కపెట్టండి. 9 పెద్ద త్రికోణాలు ఒకదాన్నొకటి కోసుకుంటే 43 చిన్నవి రావాలి. ఒక సంప్రదాయ పద్ధతిలో నిలువు వ్యాసాన్ని 48 భాగాలు చేసి, పైనుంచి 6, 6, 5, 3, 3, 4, 3, 6, 6, 6 చొప్పున తొమ్మిది అడ్డగీతలు పెడతారు. 24 అంగుళాల వృత్తమైతే భాగం అర అంగుళం. మూడు గీతలు ఒకే చుక్కలో కలవాల్సిన చోట ఒక గీత కాస్త జరిగినా అక్కడ అక్కర్లేని బుల్లి త్రికోణం పుడుతుంది. ఆ గీతను సరిచేస్తే పక్క కూడలి చెడుతుంది. ఈ కొలతలతోనూ చిన్న సర్దుబాట్లు తప్పవు, అందుకే ముందు కాగితం మీద తేల్చుకుని తర్వాతే కాన్వాస్‌కు ఎక్కించాలి.

అపోహ: తాంత్రిక కళ అంటే క్షుద్రం, ఇంట్లో ఉంటే కీడు.

భయపడేవాళ్లను వెక్కిరించను, పుకార్లు పుట్టించేవాళ్ల మీదే కోపం. కరీంనగర్ ప్రాంతంలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ పి.టి. రెడ్డి కూడా తాంత్రిక చిహ్నాలతో చిత్రాలు వేశారు. గోడకు వేలాడే కాన్వాస్ వేరు, ప్రతిష్ఠ చేసి పూజించే యంత్రం వేరు. నియమాలు రెండోదానికి. నల్ల బిందువు అశుభమనేది వట్టి మాట. ఏ దిక్కున పెట్టాలన్నదానికంటే నేరుగా ఎండ పడకుండా చూసుకోవడం ముఖ్యం.

అపోహ: ప్రేరణ కథ రాసిన కాగితం జతచేస్తే అది అసలు చిత్రమే.

కథను ఎవరైనా అచ్చు వేయొచ్చు. భూతద్దంతో లేత రంగుల చోట చూడండి, సన్నటి రంగు చుక్కలు కనబడితే ప్రింటే. పైన బ్రష్ గీతలున్నాయని మురిసిపోవద్దు, ప్రింటు మీద పారదర్శక జెల్ పూసి వాటిని తెప్పిస్తారు. వృత్తం అంచున చూడండి: రంగుతో వేసిన గీత వృత్తం వెంట తిరుగుతుంది, జెల్ గీత నలుపు మీద నుంచి ఎరుపు మీదకు అడ్డంగా దాటిపోతుంది.