బరంపురం పాత వీధుల్లో తోటకు చోటు: జాగా ఎలా పోయింది, తాళం ఎవరి చేతికి వెళ్లింది

ఒడిశాలోని బరంపురం పాత ఊళ్లో అందరికీ కలిపి ఒక తోట వేద్దామంటే ముందు వచ్చే మాట, "జాగా ఎక్కడుంది?" అని. పెద్దబజారు వైపు తిరిగినవాళ్లెవరూ ఆ మాటను కాదనరు. గోడకి గోడ, గోడ పక్కన కాలువ, కాలువ మీద పలక, పలక మీద తోపుడుబండి. అయితే ఈ ఇరుకు మొదటి నుంచీ ఉన్నది కాదు. ఉన్న జాగా ఎలా పోయిందో తెలిస్తే కొత్త తోట ఎలా ఉండాలో సగం తేలుతుంది.

తెలుగు ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ దేరా నేతగాళ్ల వల్లే ఈ ఊరికి పట్టు పేరొచ్చింది. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నేతపేట అంటే మగ్గం గుంటలొక్కటే కాదు. పడుగు, అంటే బట్టకి నిలువు పోగులు, సాగదీయడానికి ఇల్లు చాలదు, వీధి కావాలి. తెల్లవారుతూనే రెండు చివర్లా గుంజలు పాతి, పోగులు పరిచి, చిక్కు విడదీసి, తెగినచోట ముడేసి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. అందుకే నేతపేటల్లో వీధి పొడుగ్గా, తిన్నగా ఉండేది. ఒక వారగా నీడకి వేపో కానుగో ఉండేది. పడుగు చుట్టేశాక అదే వీధి పిల్లల ఆటస్థలం, సాయంత్రం ఆడవాళ్ల కబుర్లకి అరుగు. ఇంటి వెనక పెరట్లో బావి, స్నానాల నీళ్లు పారేచోట అరటి, గోడవార మునగ, కరివేపాకు. ఎవరూ దీన్ని గ్రీన్ స్పేస్ అనలేదు. వాడుకునేవాళ్లే చూసుకునేవాళ్లు, అంతే.

అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా పెరట్లో ఒక గది లేచింది. మగ్గాలు తగ్గాయి, పడుగుకి వీధి అవసరం తప్పింది, ఆ చోటుకి స్కూటర్లు వచ్చాయి. ఎవరో కబ్జా చేసి లాక్కున్నదానికంటే ఇలా కొంచెం కొంచెంగా పోయిందే ఎక్కువ.

ఇక సర్కారు వైపు కథ. బరంపురానికి మున్సిపాలిటీ 1867లోనే వచ్చింది. అప్పుడీ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. 1914లో పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ పట్టణ ప్రణాళికల ఆయన నగరాల ప్రదర్శన పెట్టడానికి మద్రాసు వచ్చాడు. 1914-15లో ప్రెసిడెన్సీలోని పట్నాలు చాలా తిరిగి నివేదికలు రాశాడు. తంజావూరులో కిక్కిరిసిన పేటలకు ఇంజనీర్లు గళ్లుగళ్లుగా తిన్నని రోడ్లు గీస్తే, అన్ని ఇళ్లు కూల్చక్కర్లేదన్నాడు. పాడుబడ్డవి మాత్రమే తీసేసి, ఆ ఖాళీలను కలిపి చెట్లకీ, మనుషులు కూర్చోవడానికీ వదలమన్నాడు. ఖర్చూ తక్కువే.

ఆయన ఈ పని తానున్న ఊళ్లో చేసి చూసినవాడే. ఎడింబరో పాతపట్నంలో ఆయన బృందం వీధి వీధీ తిరిగి లెక్క కడితే 76 ఖాళీ ముక్కలు తేలాయి, అన్నీ కలిపి సుమారు 10 ఎకరాలు. వాటిలో కొన్నిటిని ఆయన కూతురు నోరా తోటలుగా మార్చింది. వెస్ట్ పోర్ట్ తోట ఈరోజుకీ ఉంది. ప్లాను గీయడానికి ముందు కాలినడకన ఖాళీలు లెక్కపెట్టడం అనే ఈ పద్ధతి, నా దృష్టిలో, మన పాత ఊళ్లకి సరిగ్గా సరిపోతుంది. 1920లో మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం వచ్చింది. ఆఫీసులకి రోడ్ల గీతలు బాగా నచ్చాయి, ఖాళీల లెక్క నచ్చలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్లింది, టెక్కలి, శ్రీకాకుళం ఇటు తెలుగు వైపు మిగిలాయి. ఒడిశాలో 1956లో టౌన్ ప్లానింగ్ చట్టం, 1982లో డెవలప్‌మెంట్ అథారిటీల చట్టం వచ్చాయి. 1993లో అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, తోటలు, ఆటస్థలాలను పట్టణ సంస్థల పనుల జాబితాలో చేర్చింది. పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం కుదరదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. మంచి తీర్పు. చిక్కేమిటంటే, ప్లానులో పార్కు అని రాసి ఉన్న చోటుకే ఆ రక్షణ. పాత వీధిలో రెండిళ్ల మధ్య వేపచెట్టున్న జానెడు జాగా ఏ ప్లానులోనూ ఉండదు.

ఇదే తలనొప్పి న్యూయార్క్‌కీ వచ్చింది. 1973లో కొందరు మన్‌హాటన్‌లో చెత్తతో నిండిన ఖాళీ స్థలాన్ని బాగుచేసి తోట వేశారు. మరుసటి ఏడాది నగరం దాన్ని నెలకి 1 డాలరు అద్దెకిచ్చింది. 1978లో ఇలాంటి తోటల కోసం ప్రత్యేక విభాగమే పెట్టింది. తోటలు వందల్లోకి పెరిగాయి. చుట్టుపక్కల భూముల ధరలూ పెరిగాయి. 1999లో అదే నగరం వందకు పైగా తోటలను వేలానికి పెట్టింది. జనం గగ్గోలు పెట్టాక ట్రస్టులు ముందుకొచ్చి కొనబట్టి అవి దక్కాయి. కాగితం లేని తోట ఎన్నేళ్లు పెరిగినా వేలానికి ఒక నోటీసు దూరమే.

బరంపురంలో లెక్క మార్చింది 2013 అక్టోబర్ 12 రాత్రి. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి గంజాం జిల్లా అంతటా చెట్లను కూల్చేసింది. తర్వాత అందరూ మొక్కలు నాటారు, తొందరగా పెరిగి పూసేవి ఎక్కువగా. తురాయి కొమ్మ పెళుసు, గాలికి ఆగదు. ఇరుకు వీధిలో కరెంటు తీగల పక్కన పెట్టాల్సిన చెట్టు కాదు. నాటిన మొక్క మొదలు చుట్టూ సిమెంటు పోసేస్తే వేరు దిగదు, వాన నీరూ దిగదు. చెట్టు చుట్టూ ఒక మీటరు వదలమని హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఢిల్లీకి చెప్పింది.

2015లో పట్టణాల సౌకర్యాల కోసం కేంద్రం అమృత్ పథకం తెచ్చింది, అందులో బరంపురమూ ఉంది, పార్కులకీ కొంత వాటా ఉంది. మన ఊళ్లలో పార్కు అంటే ఎలా ఉంటుందో తెలిసిందే: పేవర్ బ్లాకులు, ఇనుప రెయిలింగ్, సిమెంటు జింక, గేటుకి తాళం. పగలంతా మగ్గం దగ్గరో కొట్లోనో ఉండేవాళ్లకి ఖాళీ దొరికేసరికి తాళం పడుతుంది.

కొవిడ్ ఏడాది, 2020లో, ఒడిశా పట్టణ పేదలకి కూలి పని కల్పించే పథకం తెచ్చింది. 2021 నుంచి అది ముక్తా పేరుతో నడిచింది. బస్తీ సంఘాలు, మహిళా సంఘాలే ఖాళీ స్థలాలు బాగుచేయడం, వాన నీటి గుంటలు తవ్వడం లాంటి పనులు చేపట్టాయి. పెరట్లో అరటి ఎక్కడ పెట్టాలో తెలిసిన చేతుల్లోకి పని మళ్లీ వచ్చింది.

పాత ఊళ్లో ఇలాంటి చోటు దొరికితే మట్టి సంగతి ముందు చూడాలి. కూలిన ఇళ్ల మట్టిలో సున్నం, పాత పెయింటు పెచ్చులు ఉంటాయి. ఆకుకూరలు అందులో వేయకూడదు. అడుగున్నర ఎత్తు ఇటుక మడి కట్టి కొత్త మట్టి పోయాలి. మధ్యలో పొడుగ్గా ఒక పట్టీ ఖాళీగా ఉంచితే ఎవరైనా పడుగు పరుచుకోవచ్చు, పెళ్లికి షామియానా వేసుకోవచ్చు, పిల్లలు ఆడుకోవచ్చు. వేసవిలో నీళ్లకి ఈ ఊరు పడే కష్టం తెలిసిందే కాబట్టి కుళాయి కనెక్షన్ ఎవరి పేరున, బిల్లు ఎవరిది, గేటు తాళం ఏ సంఘం దగ్గర అన్నది మొదటి మొక్క నాటకముందే కార్పొరేషన్‌తో రాయించుకోవాలి. ఆ స్థలం రికార్డులో ఏ ఖాతా కింద ఉందో చూసి, దాని నకలు కూడా సంఘం దగ్గర ఉంచుకోవాలి.