తుపానుకు రేకు ఎందుకు పైకి లేస్తుంది?

శ్రీకాకుళం తీరం నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మాది రేకుల ఇల్లు. తుపాను హెచ్చరిక రాగానే కప్పు మీదికి ఇసుక మూటలు ఎక్కిస్తాం. అయినా 2018లో తిత్లీకి కొన్ని రేకులు లేచిపోయాయి. మూటలు చాలలేదా?"

చాలవు. లెక్క చూడండి. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దానితో దాన్నే హెచ్చవేసి, 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. భవనాల మీద గాలి బలం గురించిన మన ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. అందులో విశాఖకు ఇచ్చిన మూల వేగం (లెక్కకు ఆధారంగా తీసుకునే గాలి వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కి.మీ. దాని ఒత్తిడి 1,500 న్యూటన్లు. తూకంలో చెప్పాలంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. అదే కొలతకు సిమెంటు రేకు బరువు ఉజ్జాయింపుగా 15 కిలోలు, జీఐ (జింకు పూత ఇనుప) రేకుది 5. పన్నెండు సెంటీమీటర్ల స్లాబు మాత్రం 300 కిలోలు తూగుతుంది. స్లాబు ఇంటివాళ్లు కప్పు గురించి టెన్షన్ పడకపోవడానికి కారణం అదే.

మరి మూటల మీద నమ్మకం ఎందుకు పోదు? వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు పడిపోతుంది. గంటకు 90 కి.మీ. గాలికి అది 38 కిలోలే. ఏటా వచ్చే మామూలు గాలివానకు మూటలు నిజంగానే పనిచేస్తాయి. పెద్ద తుపానులో మాత్రం చేతులెత్తేస్తాయి, పైగా ఎగిరి పక్కింటి మీద పడతాయి.

ఇక అసలు విషయం. గాలి అడ్డంగా వీస్తుంటే రేకు పైకెందుకు లేవాలి? హైవే మీద ఇసుక లారీకి కట్టిన పట్టాను గమనించండి. లారీ వేగం అందుకోగానే పట్టా ఉబ్బుతుంది. కిందికి గాలి దూరి ఎత్తిందనుకుంటాం, కానీ దూరకపోయినా ఉబ్బుతుంది. ఎదురుగాలి ముందు అంచుకు తగిలి పైకి మళ్లుతుంది. ఆ ఊపులో వెంటనే కిందికి వంగలేక పట్టాను వదిలేసి ముందుకు పోతుంది. మధ్యలో సుడులు లేచి ఒత్తిడి పడిపోతుంది. పట్టా కింద ఉన్న మామూలు గాలికి అదే అదను. (బడిలో దీనికి బెర్నౌలీ పేరు చెప్పి, పై దారి పొడవు కాబట్టి పైగాలి తొందరగా వెళ్లి కిందిగాలిని కలుసుకోవాలంటారు. అలా కలుసుకోవాలని గాలికి ఏ నియమమూ లేదు. ఆ ముక్క పాఠంలోంచి తీసేస్తే పిల్లలు బాగుపడతారు.)

పట్టా ముందుగా చిరిగేది నడుమ కాదు, ముందు అంచులో, మూలల్లో. సుడులు పుట్టేది అక్కడే కాబట్టి. ఇంటికీ అంతే. చూరు, మూలలు, కొప్పు దగ్గర పీల్పు నడికప్పు కంటే ఎక్కువ. హుక్కులు దగ్గర దగ్గరగా పడాల్సింది అక్కడ. మన చుట్టిల్లు ఈ విషయంలో తెలివైనది: దానికి మూలలే లేవు, కప్పు వాలు కూడా ఎక్కువే.

ముందు వైపు పట్టా ఊడిందా, గాలి లోపలికి దూరి కింది నుంచి కూడా తోస్తుంది. ఇంట్లో ఆ పని చేసేది పగిలిన కిటికీ. గాలి ఒత్తిడిలో ఎంత వంతు పీల్పుగా మారుతుందో చెప్పేది పీల్పు గుణకం. కప్పు పైన అది 0.8 అనుకుంటే, 150లో 120 కిలోలు. గాలికి ఎదురుగా పెద్ద కిటికీ పోతే లోపలి నుంచి 0.7, అంటే మరో 105. మొత్తం 225. మూడు చదరపు మీటర్ల రేకుకు 675 కిలోలు! కప్పు ఉంటుందా పోతుందా అనేది చాలాసార్లు కిటికీ తేలుస్తుంది.

లారీ డ్రైవరు పట్టా మీద బరువు పెట్టడు, తాడును లారీ బాడీ కొక్కేలకు బిగిస్తాడు. ఇంట్లో ఆ తాడు రేకు నుంచి పైపుకు, పైపు నుంచి దూలానికి, గోడకు, పునాదికి తెగకుండా సాగాలి. చాలా ఇళ్లలో రేకును పైపుకు పట్టి ఉంచే జె హుక్కులు గట్టివే, కానీ అవి పట్టుకున్న పైపు గోడ మీద ఊరికే కూర్చుని ఉంటుంది. అప్పుడు కప్పు చట్రంతో సహా లేస్తుంది.

కిటికీలు తెరిచి పెడితే లోపలి గాలి బయటికి పోయి ఇల్లు పగలదని ఇంకో నమ్మకం. తుపాను కేంద్రంలో పీడనం 60 మిల్లీబార్లు పడిపోతే చదరపు మీటరుకు 600 కిలోల తేడా వస్తుంది, నిజమే. కానీ అది గంటల తరబడి నెమ్మదిగా పడుతుంది. తలుపు సందులూ రేకుల మడతలూ ఉన్న మన ఇళ్లలో లోపలి పీడనం ఆలోపే సర్దుకుంటుంది. తెరిచిన కిటికీ వల్ల వచ్చేది ఆ 105 కిలోలే.

వాస్తు పేరుతో ఉత్తరానికీ తూర్పుకూ కిటికీలు ఎక్కువ పెట్టిస్తాం. మన తీరాన తుపాను కేంద్రం ఎదురొస్తున్నప్పుడు తొలి గాలి సాధారణంగా ఉత్తరం, ఈశాన్యాల నుంచే. కన్ను (తుపాను నడుమ గాలి ఆగే చోటు) దాటాక దక్షిణం నుంచి మొదలవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. కాబట్టి ప్లైవుడ్ పలకలు నాలుగు వైపుల కిటికీలకూ బిగించాలి, నడుమ గాలి ఆగిందని తీసేయకూడదు.

పాఠకుడి ఇంట్లో మిగిలిన రేకుల మాట. 1974 క్రిస్మస్ నాడు ట్రేసీ తుపాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసింది. అక్కడ చాలాచోట్ల స్క్రూలు ఊడలేదు, వాటి చుట్టూ రేకే చిరిగింది. ఈదురుగాలి రేకును గంటల తరబడి ఎత్తి దించడంతో లోహం అలసిపోయింది. ఆ తర్వాత అక్కడ రేకులను వేలసార్లు లాగి వదిలి పరీక్షించడం మొదలుపెట్టారు. కాబట్టి తిత్లీని తట్టుకున్న జీఐ రేకునైనా నమ్మేయకండి, కంతల చుట్టూ సన్నని చీలికలున్నాయేమో చూడండి. సిమెంటు రేకుకు నట్టు మరీ బిగించినా అక్కడే పగులుతుంది. వాషరు అణిగేదాకా తిప్పితే చాలు.