వర్ట్‌స్మిత్ ఇసుకలో ఇంకిన నురుగు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఆస్కోడా అనే చిన్న ఊరుంది. దాని పక్కనే వర్ట్‌స్మిత్ వైమానిక స్థావరం. బీ-52 బాంబర్లు, వాటికి గాల్లోనే ఇంధనం నింపే కేసీ-135 ట్యాంకర్లు ఇక్కడి నుంచి ఎగిరేవి. 1993 జూన్ 30న స్థావరాన్ని మూసేశారు. అక్కడి భూగర్భ జలాల్లో మంటలార్పే నురుగు తాలూకు రసాయనాలు ఉన్నాయని 1998-99లో తీసిన నమూనాలే చెప్పాయి. ఆ నీళ్లు చేరే చోట చేపలు తినవద్దని రాష్ట్ర ఆరోగ్య శాఖ చెప్పింది మాత్రం 2012లో. సొంత బావులున్నవాళ్లు తాగడానికి వేరే నీళ్లు చూసుకోమన్నది 2016లో. ఇన్నేళ్లు ఎలా గడిచిపోయాయో అర్థం కావాలంటే నురుగు పుట్టిన దగ్గర్నుంచి రావాలి.

పెట్రోలు, విమాన ఇంధనం అంటుకుంటే ఉత్త నీళ్లు పనికిరావు. ఇంధనం తేలికైనది, నీటి మీద తేలి మండుతూనే ఉంటుంది. 1960ల వరకూ పశువుల కొమ్ములు, గిట్టల నుంచి తీసిన ప్రొటీన్‌తో చేసిన చిక్కటి నురుగు వాడేవారు. అది మంట మీద నెమ్మదిగా పాకుతుంది, కదిలిస్తే విరిగిపోతుంది. అమెరికా నౌకాదళ పరిశోధనశాల, 3ఎం కంపెనీ కలిసి దీనికి మరో దారి వెతికాయి. ట్యూవ్, జబ్లాన్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రవేత్తల పేరిట 1966లో పేటెంట్ వచ్చింది. ఫైర్ సిబ్బంది ఏ-ట్రిపుల్-ఎఫ్ అని పిలిచే నురుగు ఇదే.

దాని కిటుకు తలతన్యతలో, అంటే ద్రవం పైపొరను లాగి పట్టే బిగువులో ఉంది. మామూలు నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. విమాన ఇంధనానిది 25 దగ్గర్లో ఉంటుంది. ఫ్లోరిన్ ఉన్న సర్ఫాక్టెంట్ (సబ్బులా ఆ బిగువును తగ్గించే రసాయనం) కొద్దిగా కలిపితే నీటిది 17 దాకా పడిపోతుంది. అప్పుడు ఆ నీరు ఇంధనం మీద పల్చటి పొరలా దానంతటదే పరుచుకుని, ఆవిరి పైకి రాకుండా మూసేస్తుంది. ఇంత కిందికి దించగలిగినది కార్బన్-ఫ్లోరిన్ గొలుసు ఒక్కటే. మట్టిలోని సూక్ష్మజీవులు తెంచలేనిది కూడా ఆ గొలుసునే. నురుగును గొప్పగా పనిచేయించిన గుణమే దాన్ని నేలలో చెక్కుచెదరకుండా ఉంచింది.

1967 జులై 29న వియత్నాం తీరంలో ఫారెస్టల్ అనే విమానవాహక నౌక డెక్ మీద పొరపాటున పేలిన రాకెట్ ఒక విమానం ఇంధన ట్యాంకును చీల్చింది. 134 మంది చనిపోయారు. ఒక బృందం పరిచిన నురుగును మరో బృందం వదిలిన సముద్రపు నీరు కడిగేసింది. ఆ ప్రమాదం తర్వాత కొత్త నురుగు వేగంగా వాడకంలోకి వచ్చింది. 1969లో సైన్యం దానికి ఒక ప్రమాణ పత్రం రాసింది. ప్రాణాలు కాపాడే సాధనంగా అది మన్నన సంపాదించుకుంది, న్యాయంగానే. అసలు నష్టం నిజమైన మంటల దగ్గర జరగలేదు. శిక్షణలో జరిగింది.

వర్ట్‌స్మిత్‌లో ఆ శిక్షణ స్థలాన్ని ఎఫ్‌టీ-02 అంటారు. 1952 నుంచి స్థావరం మూసేదాకా అక్కడ పాత ఇంధనం పోసి అంటించడం, ఆర్పడం నేర్పారు. ఏ-ట్రిపుల్-ఎఫ్ వచ్చాక ఆర్పడానికి అదే వాడారు. ఇలాంటి చోట్ల మిగిలిన నీళ్లు అలాగే నేలలోకి ఇంకుతాయి. నూనెను వేరుచేసే తొట్టె కట్టినా లాభం లేదు. నూనె పైకి తేలుతుంది గానీ సర్ఫాక్టెంట్ నీటితోనే పోతుంది. పైగా అది నూనెను నీటిలో కలగలిపి తొట్టె పనిని చెడగొడుతుంది.

స్థావరంలో మూలం ఇదొక్కటే కాదు. విమానాలు నిలిపే హ్యాంగర్లలో పైకప్పు నుంచి నురుగు కురిపించే వ్యవస్థలు ఉండేవి. పరీక్షకో పొరపాటుకో అవి తెరుచుకుంటే నురుగు నేల మీది కాలువల గుండా మురుగునీటి కేంద్రానికి, అక్కడి ఇంకుడు చెరువులకు చేరేది. నాజిల్ సరిగ్గా చిమ్ముతోందో లేదో చూడటానికి ట్రక్కులు గడ్డి మీద చిమ్మేవి. 1988 అక్టోబరులో కేసీ-135 కూలి ఆరుగురు చనిపోయిన చోటు కూడా పరిశీలించాల్సిన స్థలాల్లో ఉంది.

పరిమాణం సంగతి ఒకసారి లెక్కేసి చూడాలి. నురుగు గాఢ ద్రావణాన్ని 3 శాతం లేదా 6 శాతం మోతాదులో నీటిలో కలిపి కొడతారు. పాత 3ఎం ద్రావణంలో పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ సర్ఫాక్టెంట్ సుమారు 1 శాతం ఉండేది, అంటే లీటరులో 10 గ్రాములు. అమెరికా 2024లో తాగునీటికి పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు, వాడుకలో 4 పీపీటీ (లక్ష కోట్ల భాగాల్లో 4). ఒక లీటరు ద్రావణంలోని పీఎఫ్ఓఎస్ 250 కోట్ల లీటర్ల నీటిని ఆ పరిమితికి చేర్చగలదు. 11, 12 లీటర్లుంటే ఒక టీఎంసీ నీటికి సరిపోతుంది. ఒక్క శిక్షణ రోజున ఖాళీ అయ్యే డబ్బాలు దీనికంటే ఎక్కువే.

వర్ట్‌స్మిత్ నేల ఇసుక. హిమానీ నదులు కరిగి తెచ్చిపోసిన ఇసుక, కంకర దాదాపు 20 మీటర్ల లోతు దాకా ఉంటాయి. వాటి కింద బంకమన్ను. నీరు ఇసుకలో తేలిగ్గా నడుస్తుంది, బంకమన్ను దగ్గర ఆగి పక్కకు మళ్లుతుంది. స్థావరం ఒక పక్క నుంచి భూగర్భ జలం వాన్ ఎటన్ సరస్సు వైపు, మరో పక్క నుంచి క్లార్క్స్ మార్ష్ చిత్తడి మీదుగా ఓ సేబుల్ నది వైపు సాగుతుంది. ఎఫ్‌టీ-02 ఆ చిత్తడికి ఎగువన ఉంది. ఇసుకలో సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి ఈ రసాయనాలను పట్టి ఆపేది కూడా అంతగా ఉండదు.

ఈ స్థావరానికి కాలుష్యం కొత్త కాదు. 1977లోనే తాగునీటి బావుల్లో ట్రైక్లోరోఎథిలీన్ అనే ద్రావణి దొరికింది. ఆ తర్వాత కలుషిత నీటిని తోడి, గాలి ఊది, ద్రావణిని ఆవిరిగా తరిమేసే యంత్రాలు పెట్టారు. ద్రావణి విషయంలో అవి పనిచేశాయి. కానీ పీఎఫ్ఓఎస్ ఆవిరి కాదు, నీటిలో అయాన్‌గా ఉంటుంది. ఎంత గాలి ఊదినా అటు నుంచి ఇటు చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. ఒక విషాన్ని తీసేసిన నీళ్లు ఇంకో విషాన్ని మోసుకుంటూ బయటి కాలువల్లోకి పోయాయి. దాని పేరు పరీక్షల జాబితాలో లేదు కాబట్టి నివేదికల్లోకి ఎక్కలేదు.

స్థావరం మూతపడ్డాక ఎఫ్‌టీ-02 చుట్టూ పరిశోధకులు పనిచేశారు. ఇంధనం తాలూకు కాలుష్యం నేలలో తనంతట తాను ఎలా తగ్గుతుందో చూడటం వాళ్ల లక్ష్యం. ఆ పరిశీలన బావులు ఉండటం వల్లే ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలోని జెన్నిఫర్ ఫీల్డ్ బృందానికి ఫ్లోరిన్ సర్ఫాక్టెంట్ల కోసం వెతికే వీలు దొరికింది. అప్పటికే ఆ బృందం నెవాడాలోని ఫాలన్, ఫ్లోరిడాలోని టిండాల్ స్థావరాల్లో ఇదే జాతి రసాయనాలను చూసి 1999లో ప్రచురించింది. వర్ట్‌స్మిత్ ఫలితాలు 2003లో వచ్చాయి: పీఎఫ్ఓఎస్ లీటరుకు 4 నుంచి 110 మైక్రోగ్రాములు, అదే జాతిలో ఆరు కార్బన్ల తమ్ముడు పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ 9 నుంచి 120 దాకా. నురుగు కొట్టడం ఆపి కనీసం ఐదేళ్లయ్యాక తీసిన నీళ్లివి. 110 మైక్రోగ్రాములంటే 1,10,000 పీపీటీ, నేటి పరిమితికి 27,500 రెట్లు. కానీ 2003లో అలాంటి పరిమితే లేదు. తగిన అంకె లేని చోట అధికారికి చేయాల్సిన పనీ కనిపించలేదు.

అంతకు మూడేళ్ల ముందే, 2000 మే 16న, ఈ రసాయనం తయారీ నుంచి తప్పుకుంటున్నామని 3ఎం ప్రకటించింది. ఆ వార్తా, ఈ కొలతా ఒకే బల్ల మీదకు రాలేదనుకోవాలి. చెక్కుచెదరని విషాలను కట్టడి చేసే అంతర్జాతీయ స్టాక్‌హోం ఒప్పందం పీఎఫ్ఓఎస్‌ను 2009లో జాబితాకు చేర్చింది. అమెరికా పర్యావరణ సంస్థ అదే ఏడాది పీఎఫ్ఓఎస్‌కు 200 పీపీటీ అని తాత్కాలిక సలహా అంకె ఇచ్చింది. 2016లో పీఎఫ్ఓఎస్, దాని జాతికే చెందిన పీఎఫ్ఓఏ రెండూ కలిపి 70 అంది. 2024లో ఒక్కోదానికి 4. అంకె దిగిన ప్రతిసారీ నిన్నటి దాకా మంచిదన్న బావి ఈరోజు చెడ్డదైంది. బావిలో మారిందేమీ లేదు.

మిషిగన్ పర్యావరణ శాఖలో వర్ట్‌స్మిత్ బాధ్యత చూసిన రాబర్ట్ డెలానీ ఈ కథలో గుర్తుంచుకోవాల్సిన మనిషి. 2010 నుంచి ఆయన శాఖ ఎఫ్‌టీ-02 నీళ్లలో, క్లార్క్స్ మార్ష్ చేపల్లో ఈ రసాయనాల కోసం పరీక్షలు చేయించింది. 2012లో ఆయన, విష శాస్త్రవేత్త రిచర్డ్ డిగ్రాండ్‌చాంప్ కలిసి, ఇది ఒక్క స్థావరంతో ఆగేది కాదు, రాష్ట్రమంతటికీ ప్రజారోగ్య సంక్షోభమని తమ శాఖ పెద్దలకు నివేదిక ఇచ్చారు. అది పక్కన పడింది, బయటికి వచ్చింది 2017లో. రాష్ట్ర శాఖలన్నీ కలిసి పనిచేసే ప్రత్యేక బృందం ఏర్పడింది కూడా ఆ ఏడాది నవంబరులోనే. ఐదేళ్ల మౌనం పాలకులది. ఆ ఏళ్లలో ఆ నీళ్లు తాగింది ఊరి జనం.

జాప్యానికి సాంకేతిక కారణం కూడా ఒకటుంది. ఈ కొలత తేలిక కాదు. భూగర్భ జలాల పనిలో దశాబ్దాలుగా టెఫ్లాన్ గొట్టాలు, టెఫ్లాన్ టేపు వాడారు. ఈ పరీక్షకు అవి పనికిరావు, ఎందుకంటే నమూనాను అవే పాడుచేసే ప్రమాదం ఉంది. గాజు సీసా వద్దు, రసాయనం గోడలకు అంటుకుంటుంది. హెచ్‌డీపీఈ లేదా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సీసా కావాలి. నీరంటని పూత ఉన్న జాకెట్టు, బూట్లు వేసుకోకూడదు. నైట్రైల్ చేతి తొడుగులు వేసుకోవాలి, ప్రతి బావికీ కొత్తవి మార్చాలి. ప్రయోగశాల ఇచ్చిన శుద్ధ జలాన్ని క్షేత్రంలోనే ఒక సీసాలో పోసి వెంట పంపాలి. అందులో ఏదైనా కనిపిస్తే తప్పు బావిది కాదు, తీసినవాళ్లది. తాగునీటికి వాడే 537.1 పద్ధతిలో 250 మిల్లీలీటర్ల సీసాలో ట్రిజ్మా అనే పొడి 1.25 గ్రాములు ముందే వేసి ఉంటుంది. ఆ సీసాను తొలిపి పారబోస్తే పొడి పోతుంది. ప్రయోగశాలలో సీసా నీళ్లన్నీ వాడాలి, గోడలను మెథనాల్‌తో కడిగి అదీ కలపాలి. కొంత ఒంపుకుని పరీక్షిస్తే అంకె తక్కువ వస్తుంది.

సరస్సులో తీసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఈ రసాయనాలు గాలీ నీరూ కలిసే చోట చేరతాయి. 2017 నుంచి వాన్ ఎటన్ సరస్సు ఒడ్డున గాలికి చేరిన తెల్లటి నురుగు అందుకే అంత ప్రమాదకరం. కింది నీటితో పోలిస్తే అందులో గాఢత వందల, వేల రెట్లు ఉండొచ్చు. సీసా మూతిని పై పొర తగలకుండా నీటిలోపల తెరవకపోతే సరస్సు అంకె నురుగు అంకెగా తేలుతుంది. నురుగు తగిలితే చేతులు కడుక్కోమని, పిల్లల్ని, కుక్కల్ని అందులో ఆడనివ్వవద్దని ఆరోగ్య శాఖ చెబుతుంది.

మూలం ఎవరిదో తేల్చడానికి నిష్పత్తులు పనికొస్తాయి. పాత 3ఎం నురుగు ఉన్న చోట పీఎఫ్ఓఎస్‌తోపాటు పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ కూడా గట్టిగానే కనిపిస్తుంది. క్రోమ్ పూత కర్మాగారాల నుంచి వచ్చినదైతే ప్రధానంగా పీఎఫ్ఓఎస్సే ఉంటుంది. డెట్రాయిట్ దగ్గర నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ ప్రాంతాల్లో ఉండే తెలుగువాళ్లకు 2018లో హ్యూరాన్ నది చేపలు తినవద్దని వచ్చిన హెచ్చరిక గుర్తుండే ఉంటుంది. దాని ప్రధాన మూలం విక్సమ్‌లోని పూత కర్మాగారం, వైమానిక స్థావరం కాదు. జాబితాలో పేరున్న వాటినే కొలిస్తే నురుగులోని మిగతా ఫ్లోరిన్ సమ్మేళనాలు కనబడవు. నేలలో అవి మెల్లగా మారుతూ పీఎఫ్ఓఎస్, పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్ లాంటివాటిని పుట్టిస్తాయి. నమూనాను ముందే బలంగా ఆక్సీకరించి కొలిచే పద్ధతి 2012లో వచ్చాకే, దాగి ఉన్న వాటిలో కొంతైనా బయటపడటం మొదలైంది.

2018లో క్లార్క్స్ మార్ష్ చుట్టూ 5 మైళ్ల లోపు జింక మాంసం తినవద్దన్నారు. పరీక్షించిన 20 జింకల్లో ఒకదాని కండలో 547 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 547) పీఎఫ్ఓఎస్ దొరికింది. వేటాడి తెచ్చుకున్న మాంసంతో ఫ్రీజర్ నింపుకునే ఊళ్లో ఆ మాట ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

ఎఫ్‌టీ-02 దగ్గర 2015లో నీటిని తోడి, బొగ్గు గుండా పంపే కేంద్రం మొదలైంది. ఇలాంటి కేంద్రాల్లో యాక్టివేటెడ్ కార్బన్ ట్యాంకులు రెండు వరుసగా పెడతారు. మధ్యలోని కుళాయి దగ్గర నమూనా తీస్తూ ఉండాలి. మొదటి ట్యాంకు నిండిపోయిందని అక్కడే ముందు తెలుస్తుంది. అప్పుడు దానిలో బొగ్గు మార్చి, రెండోదాన్ని ముందుకు తెస్తారు. పొట్టి గొలుసు రసాయనాలు ముందు జారిపోతాయి. పీఎఫ్ఓఎస్ ఒక్కదాన్నే చూస్తూ కూర్చుంటే అవి దాటిపోయిన సంగతి తెలియదు. చిత్తడి దగ్గరి నీటిలో ఆకులు కుళ్లిన సేంద్రియ పదార్థం ఎక్కువ, బొగ్గులో చోటును అదే ఆక్రమిస్తుంది. ఇంకా పెద్ద లోపం బావుల వరుసలో రావచ్చు. ఒక బావి లాగే పరిధి పక్క బావి పరిధితో కలవకపోతే ఆ సందులోంచి కాలుష్యం యథావిధిగా కిందికి పోతుంది. ఆస్కోడా జనం ఏళ్లుగా అడుగుతున్నది ఆ సందుల గురించే.

వాదన అంకెల మీద కూడా నడిచింది. మిషిగన్ ఉపరితల నీటికి పీఎఫ్ఓఎస్ 12 పీపీటీ అని, 2020 ఆగస్టులో తాగునీటికి 16 అని సొంత పరిమితులు పెట్టుకుంది. వాటిని స్థావరం శుభ్రతకు ఎంతవరకు పాటించాలన్న దానిపై వైమానిక దళానికీ రాష్ట్రానికీ వివాదం నడిచింది. ఊరి ప్రతినిధులున్న సలహా మండలి 2017లో ఏర్పడింది. పూర్తి పరిష్కారం తేలేలోగా సరస్సు వైపు, చిత్తడి వైపు నీటిని ఆపే మధ్యంతర పనులు దాని ఒత్తిడితోనే ముందుకు కదిలాయి. ఆ పనులు ఆపేది నీటిని. నీటిమట్టానికి పైన, ఎఫ్‌టీ-02 కింద పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలీ నీరూ తాకే చోటల్లా పీఎఫ్ఓఎస్ అంటుకునే ఉంది. వాన పడినప్పుడూ, మంచు కరిగినప్పుడూ అందులోంచి కొంత కిందికి దిగుతుంది.