పొదిలి నీళ్లలో పదిహేడో గ్రూపు

మన దేశంలో మనుషులకు ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్నట్టు వైద్యులు మొదట రాసిపెట్టింది పొదిలి, దర్శి వైపు పల్లెల గురించే. 1937లో షార్ట్, ఆయన సహచరులు ఆ పరిశోధన ప్రచురించేనాటికి ఆ ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లావి. 1970లో కొత్త జిల్లా ఏర్పడ్డాక ఒంగోలు కిందికి వచ్చాయి. గారపళ్లు, తిరగని మెడ, ముడుచుకోని మోకాళ్లు, వీటన్నిటికీ మూలం తాగే నీళ్లేనని అప్పుడే తేలింది. ఎందుకో తెలుసుకోవాలంటే పదో తరగతి ఆవర్తన పట్టిక దగ్గరికి వెళ్లాలి.

1869లో మెండలీవ్ పట్టిక వేసినప్పుడు, ఇప్పుడు పదిహేడో గ్రూపులో పైన కనిపించే ఫ్లోరిన్‌ను విడిగా చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా దాని గడి దానికి ఉంది. 1886లో మొయిసాన్ దాన్ని వేరుచేసేదాకా ఎందరో ప్రయత్నించారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. గ్రూపులో, అంటే నిలువు వరసలో, పైకి పోయేకొద్దీ పరమాణువు చిన్నదవుతుంది, పీరియడ్‌లో, అంటే అడ్డు వరసలో, కుడికి పోయేకొద్దీ ఎలక్ట్రాన్లను లాక్కునే గుణం పెరుగుతుంది. ఈ రెండూ కలిసేచోట ఫ్లోరిన్ ఉంది. ఈ లాక్కునే గుణాన్నే రుణవిద్యుదాత్మకత అంటారు, పౌలింగ్ కొలమానంలో ఫ్లోరిన్‌ది 3.98, అన్నిటికన్నా ఎక్కువ. అందుకే అది ఒంటరిగా దొరకదు, ఒక ఎలక్ట్రాన్‌ను లాక్కుని, రాళ్లలో ఫ్లోరైడ్‌గా దాక్కుంటుంది.

ఫ్లోరైడ్ అయాన్ వ్యాసార్థం సుమారు 133 పికోమీటర్లు, హైడ్రాక్సైడ్‌ది (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన అయాన్) 137. ఈ కాస్త తేడాను రాయీ పట్టించుకోదు, ఎముకా పట్టించుకోదు. గూడూరు, సైదాపురం గనుల్లో తవ్వే అభ్రకంలో హైడ్రాక్సైడ్ ఉండాల్సిన చోట కొంత ఫ్లోరైడ్ కూర్చుని ఉంటుంది. ఎముకలో, పంటిలో ఉండే కాల్షియం ఖనిజంలోనూ అదే చోటును ఆక్రమిస్తుంది. కొద్దిగా ఉంటే పన్ను గట్టిపడుతుంది. ఏళ్ల తరబడి మోతాదు మించితే ఎముక అవసరం లేని చోట పెరిగి కీళ్లను బిగించేస్తుంది.

ఇక్కడ ఒకటో గ్రూపు సోడియానికి, రెండో గ్రూపు కాల్షియానికి ఉన్న తేడా కూడా చూడాలి. సోడియం ఫ్లోరైడ్ లీటరు నీటిలో 40 గ్రాముల దాకా కరుగుతుంది. కాల్షియం ఫ్లోరైడ్ 16 మిల్లీగ్రాములు కరగడమే గొప్ప. అంటే నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌కు కళ్లెం పడుతుంది. లోతు బోర్లలో జరిగేది దీనికి తలకిందులు: నీరు రాతిలో చాలాకాలం నిలిచి, కాల్షియం సున్నపురాయిగా పేరుకుపోయి, సోడియం మిగులుతుంది. చప్పున సబ్బు నురగ వచ్చే మెత్తటి బోరు నీళ్లను మంచినీళ్లని నమ్మి చాలామంది మోసపోయారు. పైనున్న బావులు ఎండాయని ఇంకా లోతుకు వేసిన బోర్లు కొన్నిచోట్ల సమస్యను పెంచాయని నా అభిప్రాయం. కాచి తాగితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

అదే గ్రూపులోని క్లోరిన్‌ను పంచాయతీ ట్యాంకులో మనమే కలుపుతాం, అయోడిన్‌ను ఉప్పులో కొంటాం. చుట్టరికం ఒకటే అయినా మోతాదులు వేరు. ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోతే మేలని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని మన ప్రమాణాలు చెబుతున్నాయి.

పరిష్కారాలకూ ఈ పట్టికే ఆధారం. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలుపుతారు. పటికలోని అల్యూమినియం పదమూడో గ్రూపుది, ఫ్లోరైడ్ అంటే దానికి విపరీతమైన మోజు. ఫ్లోరైడ్‌ను పట్టుకున్న మడ్డి అడుగున పేరుకున్నాక పైనీళ్లు వంచుకోవాలి. రోజూ కొలత తప్పకుండా ఎవరు కలుపుతారన్నదే ఎప్పుడూ తెగని చిక్కు. ఇప్పుడు ఊరూరా ఆర్వో ప్లాంట్లు, క్యాన్లు వచ్చాయి. వాటి నుంచి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా ఉంటుంది, అవి కాల్వలోకి పోయి మళ్లీ భూమిలోకే ఇంకుతాయి.

నదినీళ్లు రాతితో గడిపే కాలం తక్కువ కాబట్టి వాటిలో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ ప్రాంతపు పశ్చిమ మండలాలు ఇన్నేళ్లు ఎదురుచూడడానికి పొలాల తడి ఒక్కటే కారణం కాదు. నల్లమల సొరంగాల గుండా వచ్చే కృష్ణ నీరు బిందెలోకి కూడా కావాలి.